పై పొరలో వదిన చీర

సైకిలు చక్రపు పుల్లలు రెండు సమానంగా కోసి, ఒక్కో దానికి ఒక చివర ఆకురాయితో మొన తీసి, గరుకు కాగితంతో నునుపు చేసి, రెండో చివర సీసా బిరడా ముక్క గుచ్చితే ఊలు అల్లే సూదులు తయారవుతాయి. మొన మరీ వాడిగా ఉంటే ఊలు చీలిపోతుంది. మరీ మొద్దుగా ఉంటే కన్నంలోకి దిగదు. నరసన్నపేటలో నేను పనిచేసే బియ్యం మిల్లులో, మధ్యాహ్నం ఇంజను ఆపిన వేళ, నా భార్య కోసం ఈ సూదులు చేశాను. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న చదువు ఇంటికి పనికొచ్చింది అప్పుడొక్కసారే.

మా అమ్మ వాటిని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఇవేటిరా, ఊసలా? నీ పెళ్ళానికి సేపలు కాల్సుకోడానికి తెచ్చినావేటి?"

"ఊలు అల్లడానికమ్మా. పాపకి టోపీ."

"ఈ ఎండలకి ఊలు టోపీ! బుర్ర ఉడికిపోద్ది గుంటకి. దాని తల్లికి ముందే ఉడికిపోనాది."

కొన్నాళ్ళకి వాటిలో ఒకటి పొయ్యి గట్టు మీద మసిబారి కనిపించింది. కిరసనాయిలు స్టవ్వు కన్నం పొడవడానికి బాగుందట. నేను ఇంకొకటి చేసి తెచ్చాను. అదీ పోయింది. ఆ తరువాత నా భార్య సూదుల్ని తన జడలో దాచుకోవడం మొదలుపెట్టింది.

మా ఊరు నరసన్నపేట నుంచి సైకిలు మీద వెళ్ళి వచ్చేంత దూరం. ఇంట్లో మా అమ్మ, పొలం చూసుకునే అన్నయ్య, వదిన, మేమిద్దరం. నా భార్యది విజయనగరం. బడిలో కుట్టుపని, అల్లికపని నేర్చుకుంది. పురిటికి పుట్టింటికి వెళ్ళి, పాపకి అయిదో నెల వచ్చాక తిరిగి వచ్చింది. వాళ్ళమ్మ వాడిన చేతి మిషను ఆమె వెనకాలే వచ్చింది. సాలూరు నుంచి విజయనగరం మీదుగా ధాన్యానికి వచ్చే లారీ ఒకటి దాన్ని గోనెసంచుల మధ్య తెచ్చి మా వీధి మొదట్లో దించింది. ఊళ్ళో సగం మంది దాన్ని చూడటానికి వచ్చారు. మా అమ్మ మాత్రం లోపల్నుంచి బయటికి రాలేదు.

ఆ మిషను మీద మా అమ్మకున్న అభ్యంతరాలు నేను మరిచిపోయే రకం కావు. చప్పుడుకి పాప బెదురుతుంది. బాలింత వంగి కూర్చుంటే నడుం పడిపోతుంది. సూది వంకే చూస్తుంటే కళ్ళు లాగి, పాలు తగ్గుతాయి. ఉత్తినే కత్తెర ఆడితే ఇంట్లో గొడవలు పుడతాయి. వీటిలో చివరిదానికి మాత్రం నా దగ్గర జవాబు ఉండేది: మా ఇంట్లో గొడవలు ఆ కత్తెర కంటే చాలా పాతవి. ఇక చప్పుడు సంగతంటారా, మిషను తిరిగినంతసేపూ పాప హాయిగా నిద్రపోయేది. ఆపితే లేచేది. ఈ మాట నేను చెబితే అమ్మ నమ్మలేదు. పాప స్వయంగా రుజువు చేసినా నమ్మలేదు.

అసలు చిక్కు వేరు. ఊలు అల్లడానికి పాప అడ్డం కాదు. నా భార్య గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, వాటి మీద పాపను పడుకోబెట్టి, మోకాళ్ళు మెల్లగా ఆడిస్తూ అల్లుకునేది. కానీ చేతి మిషను అలా కాదు. కుడిచెయ్యి పిడి తిప్పాలి, ఎడమచెయ్యి బట్ట తోయాలి. పాపను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. అమ్మ ఎత్తుకోదు. "కన్నోళ్ళు సాకాలి, కుట్టుపన్లెందుకు" అనేది. నేను మిల్లులో. మిగిలింది వదిన.

వదినకి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు కలగలేదు. ఇంటెడు చాకిరీ ఆమెదే. వడ్లు ఉడకబెట్టడం, ఎండబోయడం, పశువులు, నీళ్ళు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక ఆమె పాపను ఎత్తుకుని వరండా చివర కూర్చునేది. ఆ కాస్సేపే నా భార్య కుట్టుపని. పాప ఏడిస్తే వదిన "సెల్లీ, ఆకలేత్తన్నాది" అనేది. నా భార్య పిడి వదిలి వచ్చేది. మళ్ళీ వెళ్ళేది. ఆమె వదినను 'అప్పా' అని పిలిచేది. మా వైపు అక్కను అలాగే అంటారు. మా ఇంట్లో వదినను అంత మర్యాదగా పిలిచిన మనిషి అంతకుముందు లేదు.

ఇది మా అమ్మకు కిట్టలేదు. సూటిగా అనలేదు. "పాపని వరండాలో తిప్పకండి, దిష్టి తగులుతాది" అనేది. దిష్టి ఎవరిదో చెప్పేది కాదు. చూపు మాత్రం వదిన మీదే ఉండేది.

పాపకి అన్నం ముట్టించే రోజు దగ్గర పడుతుండగా నా భార్య బొంత కుట్టడం మొదలుపెట్టింది. మెత్తబడ్డ పాత చీరలు ఉతికి, పొరలు పొరలుగా నేల మీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, అన్ని పొరల్లోంచీ దారం దూరేలా వరసగా కుడతారు. పై పొర మాత్రం ఆమె వేరేగా ఆలోచించింది. రకరకాల చీరల పట్టీలు మిషను మీద కలిపి కుట్టి, దాన్ని పైన పరిచింది. దానికీ, కింది పొరలకీ అమ్మ తన చీరలు నాలుగు తనే ఇచ్చింది. నాకు ఆశ్చర్యం వేసింది. నా భార్యకి సంతోషం కలిగింది.

వదిన కూడా ఒక చీర తెచ్చింది. పొందూరు నేత, తెల్లది, వంగపండు రంగు అంచు. పెళ్ళినాటిది. ఎన్నిసార్లు ఉతికారో గాని, వెన్నలా ఉంది.

"లోపల పొరలో ఎయ్యి సెల్లీ. పైకి కనపడకుండా," అంది.

"ఎందుకప్పా, ఇంత మెత్తగా ఉంటే?"

"లోపలే ఎయ్యి. నా మాటిను."

నా భార్య ఆమె మొహమాటపడుతోందనుకుంది. అన్నిట్లోకీ మెత్తని బట్ట పాప ఒంటికి తగలాలన్నది ఆమె లెక్క. కుట్టుపని తెలిసినవాళ్ళెవరైనా అదే చేస్తారు. వదిన చీరను పట్టీగా కత్తిరించి, పై పొరకి సరిగ్గా నడిమధ్యన, పాప చెంప ఆనేచోట పెట్టి కుట్టింది.

విజయనగరంలో పుట్టిపెరిగిన ఆమెకి తెలియనిది ఒకటుంది. మా ఇళ్ళల్లో పసిబిడ్డ బొంతలోకి పిల్లల్ని కన్న ఆడవాళ్ళ చీరలే వేస్తారు. పిల్లలు లేని మనిషి చీర పడితే బిడ్డకి కీడు అంటారు. ఈ మాట వదినకి బాగా తెలుసు. అందుకే లోపల వెయ్యమంది. ఎవరికీ కనపడకుండా, ఆ బొంతలో తనకీ ఒక పొర దొరికితే చాలనుకుంది.

బొంత పూర్తయి తీగ మీద ఆరేసిన రోజున అమ్మ వంగపండు రంగు అంచు గుర్తుపట్టింది.

నేను మిల్లు నుంచి వచ్చేసరికి బొంత వాకిట్లో కుప్పగా పడి ఉంది. అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. వదిన పశువుల పాక దగ్గర, ఇటు తిరగకుండా, గడ్డి వేస్తోంది. అన్నయ్య అరుగు మీద కూర్చుని కొబ్బరి తాడు పేనుతున్నాడు.

"ఆ గుడ్డ ఇప్పీమని సెప్పు నీ పెళ్ళానికి," అంది అమ్మ.

"ఏ గుడ్డ?"

"ఏ గుడ్డో దానికి తెలుసు. నీ వదినకీ తెలుసు. పదిమందీ వచ్చీసరికి అది పీకి పారీకపోతే, ఆ బొంత మీద నా మనవరాల్ని కూకోబెట్టనివ్వను."

"ఒక్క పట్టీ ఇప్పడం కుదరదమ్మా. దారం అన్ని పొరల్లోంచీ ఎల్లింది. అది ఇప్పితే మొత్తం ఊడిపోతాది."

"ఊడిపోనీ! నువ్వు మిల్లులో మరల మనిషివి, నీకేటి తెలుస్తాది?"

నాకు ఒళ్ళు మండింది. "ఆ గుడ్డలో ఏటుందని? పేలు ఉన్నాయేటి?"

"సంటిపిల్ల పడుకునే కాడ ఆ సీరేటిరా? దాని కడుపులో ఏటుందని తెచ్చి దీనికి పరిసినాది?"

పాక దగ్గర గడ్డి చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. నేను అన్నయ్య వంక చూశాను. తన భార్య గురించి తన తల్లి అంటున్న మాట అది. వాడు తాడు ముడి చూసుకుంటున్నాడు.

"ఏటన్నయ్యా, ఇనబడలేదా?"

"అమ్మ సెప్పినట్టు ఇప్పీండ్రా. గొడవెందుకు?"

అన్నయ్య మీద ఆరోజు పుట్టిన రోత నాకింకా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. అమ్మ చేతిలో కనీసం ఒక నమ్మకం ఉంది, తప్పుదే అయినా. వాడి చేతిలో తాడొక్కటే ఉంది.

ఆ పట్టీ పోతే ఏమి పోతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇవాళ చీర కూడదంటే, రేపు చెయ్యి కూడదంటారు. వదిన పాపను ఎత్తుకునే ఆ మధ్యాహ్నపు కాసేపు కూడా పోతుంది. దాంతోపాటు నా భార్య మిషనూ మూలకి పోతుంది. అమ్మకి రెండూ ఒకే దెబ్బకి కావాలి.

నా భార్య వాకిట్లోకి దిగింది. బొంత దులిపి గదిలోకి తీసుకుపోయింది. పాపకు పాలిచ్చి పడుకోబెట్టింది.

అన్నం ముట్టించే రోజు తెల్లవారగానే వదిన మా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో సగం విరిచిన గడ్డం బ్లేడు ఉంది.

"తే. నాను ఇప్పీస్తాను. నా సీర, నా సెయ్యి. ఇంకోళ్ళు పీకితే సూడలేను."

నా భార్య బ్లేడు ఆమె చేతిలోంచి తీసుకుంది. "మీరు పాపని ఎత్తుకోండప్పా," అంది.

తలుపు వేసుకుని, ఆమె కుట్లు కోసింది. నేను పక్కనే కూర్చుని తెగిన దారాలు ఏరాను. ఆమె ముట్టుకున్నది వదిన పట్టీని కాదు. దానికి అటూ ఇటూ ఉన్న అమ్మ చీరల్ని ఒక్కొక్క కుట్టూ తెంపి విడదీసింది. కింద పొరల్లో ఉన్నవీ తీసింది. ఆగకుండా చేసింది. కింద పొరకి గుడ్డ కావాలంది. నా మిల్లు ఖాకీ ప్యాంటు పాతది ఇచ్చాను. మిషను పిడి తిప్పడం మొదలుపెట్టగానే బయట అమ్మ గొంతు వినిపించింది.

"ఈయాల కూడానా! ఈ మరకి సెలవు లేదేటి?"

వదిన వరండాలో పాపను ఎత్తుకుని నిలబడే ఉంది. చప్పుడు మొదలవగానే పాప నిద్రపోయింది.

పేరంటాళ్ళు వచ్చి కూర్చున్నాక నా భార్య బయటికి వచ్చింది. ఒక చేతిలో కొత్త బొంత ఉంది. బొంత అనడానికి కూడా లేదు. వదిన చీర పట్టీ పైన, నా ఖాకీ కింద, చాప మీద పాప పట్టేంత వెడల్పు. రెండో చేతిలో మడత పెట్టిన చీర ముక్కలు ఉన్నాయి. వాటిని అమ్మ ముందు పెట్టింది.

"మీ చీరలు అత్తా. ఆ గుడ్డ ఉన్న బొంత వద్దన్నారు కదా. దాని పక్కన మీ గుడ్డ ఉండదు."

పేరంటాళ్ళలో ఒకావిడ నవ్వు ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఆ ముక్కల్ని ముట్టుకోలేదు. అంతమంది ముందు తన చీరలు కత్తిరించి తిరిగి ఇవ్వడమంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. పాపను ఆ పట్టీ మీద కూర్చోబెట్టారు. విజయనగరం నుంచి వచ్చిన మేనమామ ఉంగరంతో పాయసం నాకించాడు. అమ్మ లేచి వెనకింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ భోజనాలకి కూడా రాలేదు.

వదిన సంతోషపడిందనుకున్నాను. సాయంత్రం గిన్నెలు తోముతూ ఆమె నా భార్యతో అన్న మాట విన్నాను.

"నాను లోపల ఎయ్యమన్నాను. నువ్వూ నా మాట ఇనలేదు. ఈ ఇంట్లో నా మాట ఎవులిన్నారు గనక?"

నా భార్య పక్కన కూర్చుని తోమిన గిన్నెలు కడిగింది. 

ఆ రోజు నుంచి అమ్మ నా భార్యతో నేరుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే దూడతోనో, పొయ్యితోనో చెబుతుంది. సూదులు ఇప్పటికీ మాయమవుతూనే ఉన్నాయి. నేను చేస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం మిషను తిరుగుతుంది. వదిన పాపను ఎత్తుకుంటుంది. వరండా చివర కాదు, మిషను పక్కనే కూర్చుంటుంది. నా భార్యతో మాత్రం అంతగా మాట్లాడదు.

సాయంత్రం అమ్మ తీగ మీద బట్టలు తీస్తుంది. అందరివీ తీస్తుంది, నావి కూడా. ఆ చిన్న బొంతను మాత్రం అక్కడే వదిలేస్తుంది. మబ్బు పట్టిన రోజున చినుకు పడేలోపు వదిన చేతిలో పని విడిచి పరుగెత్తుకొచ్చి దాన్ని తీసుకుంటుంది.