నురగ కక్కిన గేరుబాక్సు

మా తాతయ్య గట్టిగా దగ్గితే వీధిలో ఉన్న బళ్లన్నీ వాటంతటవే న్యూట్రల్‌లో పడతాయి. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. కాకపోతే ముక్కు మూసుకుని రావాలి. ఆయన షెడ్డులో మాడిన నూనె, తుప్పు, తడిసిన గోనెసంచి కలిసి ఒక కంపు కొడుతుంటాయి. అది మా అమ్మమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్లలోనూ ఉంటుంది, నా జడలోనూ ఉంటుంది. ఆయనకు మాత్రం అది కంపు కాదు. లోకంలో మిగతావన్నీ కంపే.

ఆయన పని గేరుబాక్సులు విప్పి బాగుచేయడం. వీధిలో ఆయన పేరు చీదర మేస్త్రి. ఎవరి బండి బానెట్ ఎత్తినా ముందు ‘థూ’ అంటాడు. తర్వాత ఆ బండి నడిపినవాణ్ని, వాణ్ని కన్నవాళ్లని విచారిస్తాడు. ఆ ముచ్చట తీరాకే స్పానరు పట్టుకుంటాడు. అన్నిటికన్నా ఆయనకు రోత పుట్టించేవి రెండు. ఒకటి రక్తం. మోచేతుల దాకా నల్లజిడ్డు పూసుకుని అదే చేత్తో చెవి గోక్కునే మనిషి, నా వేలు తెగి చుక్క నెత్తురు కారితే గోడవైపు తిరిగి నిలబడతాడు. రెండోది ఆటోమేటిక్ కారు.

“క్లచ్చు లేదు, గేరు మార్చే పని లేదు. అదేం బండి? ఎవరో నమిలిన ముద్ద మన నోట్లో పెట్టినట్టు,” అనేవాడు.

అలాంటి ఇంటికి మా పిన్ని ఆటోమేటిక్ కారు తెచ్చింది. పిన్నికి చిన్నప్పటి నుంచి ఎడమకాలిలో బలం లేదు, క్లచ్చు తొక్కలేదు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి రక్తం తీసి, ఆ సీసాలు ల్యాబులో అప్పగించడం ఆమె ఉద్యోగం. అప్పటిదాకా మామయ్య స్కూటరు వెనక కూర్చుని, దారి పొడుగునా ఆయన చెప్పే నీతులు వింటూ తిరిగింది. ఎంత పాతదైనా సరే, తన కారు తనకుండాలనుకుంది. దొరికింది కూడా అలాంటిదే. ఊళ్లన్నీ తిరిగి తిరిగి అలసిపోయిన బండి. వెనక సీటు నిండా ఎవరిదో కుక్క రాల్చిన బొచ్చు, సందుల్లో ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్ము.

మొదట్లో అది రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు చిన్నగా ఉలిక్కిపడేది. చూడమని పిన్ని అడిగింది. తాతయ్య చూడలేదు సరికదా, శాసనం చేశాడు.

“దాని జోలికి నేను పోను. ఇంట్లో ఇంకెవరి చెయ్యి దాని మీద పడినా విరగ్గొడతాను. మీరు కెలికారంటే ఉన్న ప్రాణం కూడా పోతుంది.”

కొన్నాళ్లకు ఆ ఉలికిపాటు కాస్తా తన్నుగా మారింది. గేరు పడినప్పుడల్లా వెనక నుంచి ఎవరో కాలెత్తి తన్నినట్టు కారు ఎగిరేది. ఒక మధ్యాహ్నం మేమంతా అన్నాల దగ్గర ఉండగా పిన్ని వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“కుదుపులకి సీసాల్లో రక్తం పాడైందట. అందరి దగ్గరా మళ్లీ తీసుకురమ్మన్నారు. పాపం ఒక పెద్దావిడకి నరం దొరకడమే గగనం, మళ్లీ పొడవాలి,” అంది. “ఇంకోసారి ఇలా జరిగితే తిరిగే పని మాన్పించి కౌంటర్లో కూర్చోబెడతారట.”

“నా స్కూటరు ఎక్కడికి పోయింది? రేపట్నించి నేను దింపుతాగా,” అన్నాడు మామయ్య.

“దాని బదులు కౌంటరే నయంరా అన్నయ్యా,” అంది పిన్ని.

తాతయ్య కంచం తోసేశాడు. “అన్నం ముందు రక్తం మాట ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?” అంటూ చెయ్యి కడుక్కుని తిన్నగా కారు దగ్గరికి వెళ్లాడు.

కారును నాలుగు వీధులు తిప్పించి, వేడెక్కాక ఆపించి, గేరుబాక్సు ఆయిలు చూసే స్టిక్కు లాగాడు. దాని మీద రెండు గీతలున్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు కింది గీత దగ్గరుండాలి, వేడెక్కితే పై గీత దాకా పొంగాలి. ఇక్కడ పై గీత దాటి, పిడి దాకా బుడగలే. తాతయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“థూ. చేపలు కడిగిన నీళ్లలో మాడిన బెల్లం కలిపినట్టుంది.”

కారు పైకెత్తి స్టాండ్లు పెట్టి, కాస్త చల్లారాక కిందికి దూరాడు. బేసిను పట్టుకోవడం నా వంతు. గేరుబాక్సు అడుగున ఉండే రేకు పళ్లెం బోల్టులు వదులు చెయ్యగానే ఆయిలు దిగింది. ఆయిలు అనడం మర్యాద. చిగుళ్లు చెడినవాడు పళ్లు తోముకుని ఉమ్మినట్టు, గులాబీ రంగూ మట్టి రంగూ కలిసిన నురగ. బేసిను నిండింది. ఇంకా వస్తూనే ఉంది. పొంగి నా చెప్పులోకి గోరువెచ్చగా జారి వేళ్ల మధ్య చేరింది. ఆ పూట ఇంకేమీ తినలేదు నేను.

తాతయ్య కారు కింద నుంచే అరిచాడు. “ఎవరు పోశారిందులో?”

అమ్మమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. “నేనే ఓ గ్లాసుడు పోశాను. ఓ రోజు పొద్దున్నే మీరు స్నానానికెళ్లినప్పుడు. పై గీత దాకా లేదు కదా అని. పాపం మూలుగుతోంది కూడా.”

“మూలగడానికి అది మీ అమ్మా? చల్లగా ఉన్నప్పుడు పై గీత దాకా ఎందుకుంటుందే?”

“నేను కూడా ఓ గ్లాసు పోశాను నాన్నా,” అన్నాడు మామయ్య దూరంగా జరిగి. “నా స్కూటరుకి పోయగా మిగిలింది.”

“స్కూటరు ఇంజిను ఆయిలా?”

“ఏదైతేనేం, నూనేగా.”

“రాత్రికి నీ కూరలో కిరసనాయిలు పోయిస్తాను. ఏదైతేనేం, నూనేగా.” తాతయ్య బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. “ఎక్కువ పోస్తే లోపల చక్రాలు చిలికి నురగ చేస్తాయి. నురగకి ఒత్తిడి పట్టదు. ఒత్తిడి లేకపోతే గేరు ఎలా పడుతుంది? తన్నుకుంటూ పడుతుంది. ఇది పోసిన చేతులకి ఉప్పు గిన్నె కూడా అప్పగించకూడదు.”

అప్పుడు పిన్ని అడిగింది. “రెండు గ్లాసులకే అంత పొంగిందా నాన్నా?”

తాతయ్య మళ్లీ కారు కిందికి దూరాడు.

పళ్లెం ఊడింది. దాని అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. అరిగిన ఇనుమంతా దానికే అంటుకుంటుంది. ముక్కలుంటే లోపల పళ్లు విరిగినట్టే, కారు పాత ఇనుము కొట్టుకి పోవాల్సిందే. పిన్ని దగ్గరగా వచ్చి నిలబడింది. అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద, చీమిడిలా. తాతయ్య దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు, బొటనవేలి గోటితో గీకాడు, ఎండకి పెట్టి చూశాడు.

“బురదే. ముక్కలు లేవు,” అన్నాడు.

పిన్ని వెళ్లి ఎంగిలి కంచాలు తీసింది.

కొత్త ఫిల్టరు, కొత్త ప్యాకింగ్, ఆ కారుకి సరిపడే ఆయిలు తెప్పించాడు. పళ్లెం విప్పితే సగం ఆయిలే దిగుతుంది, మిగతాది లోపల దాక్కుంటుంది. అందుకని పోసి, కాస్త తిప్పి, తీసి, మళ్లీ పోశాడు. కొత్త ఆయిలు ఒక్కసారిగా తోసి కడిగిస్తే త్వరగా అయిపోతుందని మామయ్య సలహా ఇచ్చాడు. ఇంత తిరిగిన బాక్సులో అలా చేస్తే పాత మడ్డి లేచి సన్నదారులకి అడ్డం పడుతుందని తాతయ్య చెప్పిన తీరు మాత్రం ఇక్కడ రాయలేను.

అంతకుముందే, కొత్త ఆయిలు పోయడానికి గొట్టం మూతి తుడుస్తుంటే నాకొక గుడ్డపేలిక దొరికింది. చిల్లులు పడ్డ బనీను ముక్క. జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పిన్ని రక్తం సీసాలు తీసుకుని ల్యాబుకి బయల్దేరుతుంటే తాతయ్య వెనక సీట్లో, ఆ కుక్కబొచ్చు మీదే కూర్చున్నాడు. “పెట్టె ఇలా ఇవ్వు. ఒళ్లో ఉంటేనే తెలుస్తుంది కుదుపు,” అన్నాడు. లోపలున్నదేమిటో ఆయనకు తెలుసు. మొహం కిటికీకి ఆనించి, పెట్టెని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో నేను.

మొదటి గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు కొంచెం తగిలింది. పొద్దుటి చలికి ఆ మాత్రం ఉంటుందన్నాడు తాతయ్య. రెండు నుంచి మూడు. సీసాలు ఒక్కసారి గలగలమన్నాయి, ఊరుకున్నాయి. అంతే. పిన్ని అద్దంలో వెనక్కి చూసింది. తాతయ్య మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

పిన్ని ల్యాబు లోపలికి వెళ్లి ఖాళీ పెట్టెతో తిరిగొచ్చింది. “అన్నీ తీసుకున్నారు నాన్నా,” అంది.

ఆయన తలుపు తీసి, కాలవ పక్కకి వెళ్లి ఉమ్మి వచ్చాడు.

షెడ్డుకి చేరాక బనీను ముక్క తీసి ఆయన ముందు ఆడించాను. ఆయిలు బనీను గుడ్డలో వడగట్టి పోసే మనిషి మా ఊరంతటికీ ఒక్కడే.

“తాతయ్యా, అమ్మమ్మది ఓ గ్లాసు, మామయ్యది ఓ గ్లాసు. మరి బేసిను దాటి పొంగిందంతా ఎవరిది? ఇంట్లో అందరూ పడుకున్నప్పుడు, చప్పుడుకి లేస్తారని స్టార్టు చెయ్యకుండా, బండి చల్లగా ఉండగానే ఎవరో పోసినట్టున్నారు. ఆ చేతులకి కూడా ఉప్పు గిన్నె ఇవ్వొద్దని చెప్పనా అమ్మమ్మకి?”

తాతయ్య గుడ్డ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“నేనే పోశాను. నా కూతురి బండి, పోస్తాను. నువ్వెళ్లి ఆ బేసిను కడుగు, నీ మొహంలాగే జిడ్డోడుతోంది.”