మేనత్త బావిలో గుట్ట తాబేలు

తాబేలు ఇంట్లోకి చొరబడితే ఆ ఇల్లు పాడు అంటారు మావాళ్ళు. ఆ నోటితోనే దాన్ని వెతికి తెప్పించి తాగే నీళ్ళ బావిలో వేసుకుంటారు. పురుగూ పుట్రా తిని నీళ్ళు తేటగా ఉంచుతుందట. ఇదెక్కడి న్యాయమని చాలామందితో పోట్లాడాను. తాబేలు మీద వాదంలో ఓడిపోయింది మాత్రం ఒక్కచోటే.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక వేసవి. మదనపల్లెలో ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి పుంగనూరులో మా ఇంటికి వచ్చి ఉన్నాను. నన్ను బి.ఎ.కి మదరాసు పంపాలా వద్దా అన్నది నాన్న తేల్చలేదు. "కుప్పంలో మీ అత్త ఎట్లంటే అట్లే" అని బొగ్గుతో నడిచే బస్సు ఎక్కించాడు. తల్లి పోయాక ఆయన్ను పెంచిన అక్క ఆమె. అక్షరం ముక్క రాదు. అలాంటి మనిషి చేతిలో నా చదువు పెట్టాడే అని దారి పొడుగునా పళ్ళు నూరుకున్నాను.

వారమైనా అత్త ఆ మాట ఎత్తలేదు. అడిగితే "సూస్తాంలే" అనేది. నేను వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాను. పెరటి బావిలో పదేళ్ళుగా ఉన్న నల్ల తాబేలు ఆ ఎండల్లోనే చచ్చిపోయింది. చేదలో సన్నటి పురుగులు వస్తున్నాయి. ఇంకోటి తెమ్మని అత్త ముసలి సేద్యగాడికి పురమాయించింది.

ఆయన గుడుపల్లె దాకా పోయి మధ్యాహ్నానికి గంపతో వచ్చాడు. అత్త చేని దగ్గర ఉంది.

"కుంటలన్నీ ఎండిపోయుండాయి అమ్మణ్ణీ. ఇది గుట్టలో దొరికింది. అత్తమ్మ వచ్చినాక సూపిస్తా."

గుమ్మటంలాంటి గట్టి డిప్ప, దాని మీద ఆకాశంలో చుక్కల్లా విచ్చుకున్న పసుపు గీతలు. నాకు జంతుశాస్త్రం పాఠం మొత్తం నాలుక మీదికి వచ్చేసింది. తాబేళ్ళను మొదట మెడను బట్టి విడదీస్తారు: తలను నేరుగా లోపలికి లాక్కునేవి, పక్కకు మడిచి దాచుకునేవి. మన దేశంలోవన్నీ మొదటి రకమే. ఆ తర్వాత డిప్పను చూడాలి. తోలు కప్పిన మెత్తటి డిప్పవి ఒక కుటుంబం. తెడ్లలాంటి కాళ్ళతో సముద్రంలో ఈదేవి ఇంకొకటి. పెంకులు పేర్చినట్టుండే గట్టి డిప్పవి మరొకటి. మా పుస్తకంలో కుంటల్లోని నల్ల తాబేలూ ఈ చుక్కలదీ ఆ చివరి కుటుంబంలోనే ఉన్నాయి. నల్లది పదేళ్ళు బతికిన బావిలో దాని దాయాది ఎందుకు బతకదు?

"కాళ్ళు సూడమ్మణ్ణీ" అన్నాడు ముసలాయన. "రోకలి మొద్దుల్లా ఉండాయి. ఏళ్ళ మద్దిన తోలు లేదే. ఇది యాడ ఈదతాది?"

"కాళ్ళ సంగతి పుస్తకంలో చివర వస్తుంది తాతా" అని దాన్ని చేదలో పెట్టి నేనే బావిలోకి దించి వదిలాను. ఆయన గంప దులుపుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం తెచ్చుకుని బావి గట్టున కూర్చున్నాను. ఒక్క పంక్తి ఎక్కలేదు. కింద డిప్ప రాతికి గీసుకుంటున్న చప్పుడు. తొంగి చూస్తే ముక్కు ఒక్కటే పైన ఉంది. లేచి ఇంట్లోకి పోయాను, మళ్ళీ వచ్చాను. ముక్కు మునుగుతోంది, తేలుతోంది. ముసలాయన్ను పిలిస్తే సరిపోయేది. పిలవలేదు. చేద వేసి కలియబెట్టడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తాండావే?" అత్త చేని నుంచి వచ్చి వెనక నిలబడి ఉంది.

"నీళ్ళు చేదుతున్నా."

"తొట్లన్నీ నిండే ఉండాయే."

ఇంక దాచలేకపోయాను. "తాబేలు మునిగిపోతోందత్తా. నేనే వేశాను. ఇది ఈదలేదని తాత చెప్పాడు."

ఆమె తిట్టలేదు. ఇంట్లోంచి ఒక గంప తెచ్చి తాడు కట్టి, అంచు నీళ్ళలో వాల్చి, మూడోసారికి దాన్ని పైకి లాగింది. మెడ వేలాడిపోయింది. తలకిందులుగా పట్టుకుంటే ముక్కులోంచి నీళ్ళు కారాయి. వంటింటి అరుగు కింద ఎండలో పెట్టి, నా వైపు తిరిగింది.

"యాల ఏసినావు?"

"రెండూ ఒకే కుటుంబం అత్తా. పుస్తకంలో ఉంది."

"మీ నాయనా నేనూ ఒక కడుపునే పుట్టినాం. వాడికి ఈతొచ్చు, నాకు రాదు. నన్ను గూడా ఏస్తావా బావిలో?"

గట్టు మీద తెరిచి ఉన్న పుస్తకం మూసేశాను. నా చదువు ఆ బావిలోనే పోయిందనుకున్నాను. పొద్దు వాలేవరకు తాబేలు చుట్టూ తిరిగాను. అది కన్ను తెరిచాకే అత్త పిలిచింది.

"కార్డు తీసుకో. మీ నాయనకు రాయల్ల."

నా శిక్ష నా చేతే రాయిస్తుందన్నమాట. ఆమె చెబుతూ పోయింది.

"పిల్లను మదరాసు పంపు. ఇప్పుడు నిలిపేస్తే సగం చదువుతో ఉండిపోతాది. ఆ సగం చదువుతో మళ్ళా నా బావి కాడికి రాగూడదు."

సగమేమిటి, ఫస్టు క్లాసు వస్తుంది చూడు అని నోటిదాకా వచ్చింది. అరుగు కింద తాబేలు ముందుకాళ్ళు చాపి ఒక అడుగు వేసింది. మొద్దు కాళ్ళే. ముసలాయన చెప్పినట్టు వేళ్ళ మధ్య తోలు లేదు.

"కలం నిలబడిందే?" అంది అత్త.

'సగం' అని రాశాను.