అడక్కూడని ప్రశ్నలు

మా వదిన ఎవరితోనైనా మాట కలిపిందంటే అయిదు నిమిషాల్లో వాళ్ల ఇంటిల్లిపాది చరిత్ర రాబట్టేస్తుంది. ఆడపడుచుని కాబట్టి ఆమెను మెచ్చుకోవడం నా ధర్మం కాదు గానీ, ఉన్నమాట చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. మన దేశంలో పన్నెండేళ్లు హెచ్చార్‌లో నెగ్గుకొచ్చిందంటే అదంతా ఆ నోటి చలవే.

అన్నయ్యకు ఉద్యోగం మారి అందరం ఈ దేశం వచ్చాక ఆ పన్నెండేళ్లూ ఎందుకూ కొరగాకుండా పోయాయి. "ఇక్కడి అనుభవం లేదుగా" అంటూ ఏడు నెలలు అందరూ గుమ్మంలోంచే పంపేశారు. చివరికి ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఓ పెద్ద లాండ్రీలో హెచ్చార్ అసిస్టెంటుగా తీసుకున్నారు. మూడు నెలలు చూస్తారు. నచ్చితే ఉంచుతారు, లేదంటే నమస్కారం.

రెండో రోజే కొంప మునిగినంత పని చేసింది. దుప్పట్లు మడతపెట్టే పనికోసం ఇంటర్వ్యూకొచ్చిన ఒకావిడను కూర్చోబెట్టి, "పెళ్లయిందామ్మా? పిల్లలెంతమంది? అత్తగారు మీ దగ్గరే ఉంటారా?" అని వరసపెట్టి అడిగింది. మనకది మర్యాద. అడక్కపోతేనే తప్పు. పక్కన కూర్చున్న మేనేజరమ్మ ముఖం మాత్రం తెల్లబోయింది. వచ్చినావిడ వెళ్లగానే లేచి తలుపు మూసింది.

"ఇవన్నీ అడిగితే ఇక్కడ కేసవుతుంది. పెళ్లి, పిల్లలు, వయసు, మతం, ఏవీ అడక్కూడదు. ఇంకోసారి ఇలా చేస్తే మూడు నెలలదాకా ఆగం."

ఆ సాయంత్రం వదిన అన్నం కంచం ముందు కూర్చుని, "ఏమీ అడక్కుండా మనుషుల గురించి ఎలా తెలుస్తుందే? నోరు కట్టేస్తే ఇంక నా దగ్గరేముంది?" అంది. ఆటపట్టిద్దామనుకున్నదాన్ని, ఆమె కళ్లల్లో నీళ్లు చూసి మజ్జిగ గ్లాసు ముందుకు జరిపాను. నాకూ భయమేసింది.

నోటికి తాళం వేసుకుని రెండు నెలలు లాక్కొచ్చింది. మూడో నెలలో పొద్దుటి షిఫ్టువాళ్లు ఒకరి వెనక ఒకరు మానేయడం మొదలుపెట్టారు. రాజీనామా కాగితాల్లో కారణం దగ్గర అందరూ రాసేది ఒకటే: సొంత పనులు. ఫైళ్లలో చూస్తే ఆలస్యంగా వచ్చినందుకు హెచ్చరికలు. "ఒట్టి బద్ధకం" అని సూపర్‌వైజరు తేల్చేశాడు. వదినకు ఒకటే నోటి దురద. అడిగితే ఉన్న ఉద్యోగం ఊడుతుంది.

అడగలేదు. ఫైళ్లు తిరగేసింది. మానేసినవాళ్లూ, మానేస్తామని రాసిచ్చినవాళ్లూ కలిపి తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఒకే పేటవాళ్లు. మర్నాడు తెల్లవారుజామునే అన్నయ్య సణుక్కుంటూ కారులో ఆమెను ఆ పేట బస్టాపు దగ్గర దింపి వచ్చాడు. వదిన మొదటి బస్సెక్కింది. లాండ్రీ దగ్గర దిగగానే అందులోని ఆడవాళ్లంతా పరుగు లంకించుకున్నారు. వెనకాలే మా వదిన, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని. గేటు దగ్గరి హాజరు మిషనులో ఆరు దాటి ఎనిమిది నిమిషాలు. షిఫ్టేమో ఆరింటికి. సూపర్‌వైజర్లంతా కార్లలో వచ్చేవాళ్లే కాబట్టి, మొదటి బస్సే ఆరు దాటాక చేరుతుందన్న సంగతి ఎవరి బుర్రకూ తట్టలేదు. చెప్పుకుంటే సాకనుకుంటారని పనివాళ్లు జంకారు.

వదిన ఆ చెప్పుతోనే మేనేజరమ్మ గదిలోకి వెళ్లింది.

"మేడమ్, నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. బస్సెక్కానంతే. షిఫ్టు ఆరుంపావుకి మార్చండి."

మార్చారు. మానేస్తామన్నవాళ్లలో నలుగురు తమ కాగితాలు వెనక్కి తీసుకున్నారు.

గడువు ముగిసే రోజు మేనేజరమ్మ వదినను పిలిచింది.

"ఒకర్ని పర్మనెంట్ చేస్తున్నాం. ఉత్తరం టైపు చేసి తెండి, సంతకం పెడతాను" అందావిడ.

"ఎవరి పేరు వెయ్యమంటారు మేడమ్?"

"మీ పేరే."

ఇలాంటి ఉత్తరాలు వదిన మన దగ్గర ఎన్ని వందలు టైపు చేసిందో. ఈ నాలుగు వాక్యాలకు మాత్రం గంట పట్టిందట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కాగితం నా చేతిలో పెట్టి, "చదువు" అంది.

పైకి చదివాను.

"ఇంకోసారి" అంది.