పాలగ్లాసు బొమ్మ తర్వాత

శిక్షణలో పిల్ల పాత్ర ఎప్పుడూ ఆవిడే వేసేది. యాభై దాటిన మనిషి, భారీ శరీరం. నేల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని ఏడుపు మొదలుపెడితే, పక్క గదిలో నిద్రపోతున్న పిల్లలు లేస్తారేమోనని నాకు భయంగా ఉండేది. కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అందరూ ఆవిడను పెద్దక్క అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

అది కొత్వాల్‌గూడలో ఒక చిన్న సంస్థ నడిపిన పిల్లల కేంద్రం. రెండు గదుల కిరాయి ఇల్లు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మరుసటి ఏడాది తెరిచారు. చుట్టుపక్కల పొలం పనులు తగ్గిపోయి, ఆడవాళ్ళు విమానాశ్రయంలో ఊడ్చే పనికీ తుడిచే పనికీ వెళ్ళడం మొదలుపెట్టిన రోజులవి. వాళ్ళ పిల్లల్ని పగలంతా పెద్దక్క చూసుకునేది. నేను అత్తాపూర్ నుంచి బస్సులో వచ్చి, అక్కడా పక్క ఊళ్ళలోనూ పిల్లల్ని చూసే ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చేదాన్ని. మాది కోస్తా. హైదరాబాద్ వచ్చి ఏళ్ళు గడిచినా నా మాట మారలేదు. నేను "కూర్చోండి" అంటే, పెద్దక్క వెనక నుంచి "మేడం కూసోమంటున్నది" అని వాళ్ళకి విడమరిచి చెప్పేది. అందరికీ అర్థమయ్యే మాటే. ఆవిడకి అదొక సరదా.

శిక్షణ సామగ్రి ఒక రేకు పెట్టెలో ఉండేది. చేతిపుస్తకం, గుడ్డ బొమ్మలు, పిల్లల దినచర్యను చూపించే బొమ్మల అట్టలు ఒక కట్ట. చేతిపుస్తకం వేరే భాషలో రాసినదాన్ని ఎవరో తెలుగు చేశారు. అందులో ఒక పాఠం, తల్లి బిడ్డను వదిలి వెళ్ళే వేళ గురించి. బిడ్డ ఆటలో ఉండగా చాటుగా జారుకోకూడదు, "నేను వెళ్తున్నాను" అని స్పష్టంగా చెప్పాలి అని ఉంది. చాటుగా జారుకోవడం అక్కడ అందరూ చేసే పనే కాబట్టి పాఠం అవసరమైనదే అనుకున్నాను. చదివి వినిపించాక పెద్దక్క అంది.

"గడప కాడ నిలవడి పోతున్న అని ఎవలన్న అంటరా మేడం? అందుల చిన్నపిల్లతోని."

మా ఇంట్లోనూ అనరు. బజారుకి వెళ్ళినా వస్తానని చెప్పే వెళ్తాం. అందుకని పాఠాన్ని కొంచెం మార్చుకున్నాం. చెప్పే వెళ్ళాలి, కానీ వస్తానని చెప్పి వెళ్ళాలి. అందరికీ నచ్చింది.

కొన్నాళ్ళకి ఒక రెండున్నరేళ్ళ పిల్లని కేంద్రంలో చేర్చారు. తల్లికి విమానాశ్రయంలో నేల తుడిచే పని అప్పుడే దొరికింది. పొద్దున్నే వ్యాను వచ్చి రోడ్డు మీద ఆగేది. అది తప్పితే ఆ రోజు పని లేనట్టే. అప్పటికే ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పితే వేరే మనిషిని పెట్టుకుంటానని సూపర్‌వైజర్ చెప్పాడు. ఇంట్లో పిల్లని చూసేవాళ్ళు లేరు. పిల్ల మా దగ్గర నిలిస్తేనే ఆ అమ్మాయి పని నిలుస్తుంది.

పిల్ల ఏడుస్తూ తల్లి కొంగు వదిలేది కాదు. తల్లి మేం నేర్పినట్టే "ఇప్పుడే వస్త బిడ్డా" అని చెప్పి పరుగెత్తేది. పిల్ల వెంటనే ఏడుపు ఆపేది. ఆపి గుమ్మంలో కూర్చునేది. పాటకి లేచేది కాదు, అన్నానికి లేచేది కాదు. మర్నాడు కొంగు ఇంకా గట్టిగా పట్టుకునేది. వ్యాను హారన్ కొడుతుంటే తల్లి ఒక్కొక్క వేలే విడదీసుకుని వెళ్ళడం చూశాను. పాఠం ఎక్కడ తప్పిందో నాకు తెలియలేదు.

తర్వాతి శిక్షణలో పెద్దక్క ఎప్పట్లాగే పిల్ల అయింది. తల్లి పాత్ర పక్క ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. ఆ అమ్మాయి "ఇప్పుడే వస్త" అని చెప్పి బయటికి వెళ్ళింది. పెద్దక్క ఏడుపు ఆపి గుమ్మంలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తర్వాతి పాఠంలోకి వెళ్ళాను. పిల్లల చేతులు కడిగించడం గురించి చాలాసేపే చెప్పాను. మధ్యలో తల తిప్పి చూస్తే ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది, మోకాళ్ళు పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ.

"పెద్దక్కా, అది అయిపోయింది. రండి."

"మా అమ్మ ఇప్పుడే వస్తనన్నది," అంది, తల తిప్పకుండా.

అందరూ నవ్వారు. అప్పుడే ఒక విమానం ఇంటి మీదుగా కిందికి దిగింది. ఆ చప్పుడు పోయేదాకా అక్కడ ఎవరూ మాట్లాడరు, అది అలవాటు. ఆ రోజు చప్పుడు పోయేసరికి నాకు తెలిసింది, ఆ పిల్ల 'ఇప్పుడే' అన్న మాటని నమ్మి గుమ్మంలో కూర్చుంటోందని.

దినచర్య అట్టలు నేను గోడకి పైన, చూడటానికి బాగుంటాయని తగిలించి ఉంచాను. వాటిని కిందికి దించి, గుమ్మం పక్కన పిల్లల ఎత్తులో వరసగా అంటించాం. పాట పాడే పిల్లలు, అన్నం పళ్ళెం, చాప మీద నిద్ర, చివర పాలగ్లాసు. వ్యాను తిరిగి వచ్చేది పాల వేళకే. మర్నాడు ఆ తల్లిని పిల్ల వేలు పట్టుకుని ఒక్కో అట్టనీ తాకించమన్నాం. ఆ అమ్మాయికి నమ్మకం లేదు, తీరికా లేదు. గబగబా చెప్పింది.

"పాట పాడుతవ్. బువ్వ తింటవ్. పండుకుంటవ్. లేసి పాలు తాగుతవ్. పాలు తాగినంక నేనొస్త."

ఆ రోజూ పిల్ల ఏడ్చింది. కానీ పాలు తాగి గ్లాసు కింద పెట్టేసరికి తల్లి వచ్చింది. మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత పొద్దున్నే పిల్లే తల్లిని అట్టల దగ్గరికి లాక్కెళ్ళేది. తల్లికి వ్యాను తప్పడం ఆగిపోయింది.

ఒక రోజు సాయంత్రం వ్యాను ఆలస్యమైంది. పెద్దక్క పాలగిన్నెని మూతపెట్టి పొయ్యి మీదే ఉంచింది. పిల్లలందరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. వేళ ప్రకారం ఇవ్వాలి కదా అన్నాను. "మాటిచ్చింది వాళ్ళమ్మ," అంది. "మధ్యల నేనెందుకు చెడగొట్టాలె?" వ్యాను చప్పుడు వినిపించాకే గరిటె తీసింది.

ఆ గది ఇప్పటికీ బాగా గుర్తుంది. హిమాయత్ సాగర్ మీద నుంచి వచ్చే గాలికి అట్టల అంచులు లేచేవి. పిల్లలు విమానానికి చేతులూపడానికి సగం పాట ఆపేసేవారు, మళ్ళీ ఆపిన చోటు నుంచే అందుకునేవారు. మధ్యాహ్నం వాళ్ళు పడుకున్నాక మేమిద్దరం గోడకి ఆనుకుని టీ తాగేవాళ్ళం. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా ఉద్యోగంలో నాకు మిగిలింది ఆ మధ్యాహ్నాలే అనిపిస్తుంది.

మరుసటి ఏడాది ఆవిడ సగం టీ వదిలేయడం మొదలుపెట్టింది. కడుపులో నొప్పి అంది. పెద్ద దవాఖానకి తీసుకెళ్ళాను. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు. మంఖాల్‌లో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళిపోతానంది. ఈ సంగతి చెప్పి ఎవరినీ పరేషాన్ చేయొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఇంకో మనిషి దొరికేదాకా కేంద్రం నేనే చూసుకుంటానన్నాను.

ఆఖరి రోజు పాలు ఆవిడే పోసింది. తల్లులు వచ్చారు. ఆవిడ టిఫిన్ డబ్బా, చీరల సంచీ సర్దుకుని లేచింది. సంచీ చూసి ఆ పిల్లకి ఏం తోచిందో, ఆవిడ వేలు పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది.

"నువ్వెప్పుడొస్తవ్?" అంది. ఏ బొమ్మ తర్వాతో చూపించమని ఆవిడ వేలు అట్టల మీద పెట్టింది.

తల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లారితే మళ్ళీ పని. పిల్ల మళ్ళీ గుమ్మంలో కూర్చోవడం మొదలుపెడితే ఏం చేయాలో మా ఇద్దరికీ తెలియదు. నేను వంగి పెద్దక్క చెవిలో, ఏదో ఒకటి చూపించండి, వస్తానని చెప్పండి అన్నాను.

ఆవిడ కష్టం మీద గొంతుక్కూర్చుంది. మొదటి నుంచి చివరిదాకా అట్టలన్నీ చూసింది, నిజంగా వెతుకుతున్నట్టే.

"ఈ బొమ్మలల్ల లేదు బిడ్డా," అంది. "నేను పోతున్న. ఇగ రాను. రేపటి సంది పాలు మేడం పోస్తది. మీ అమ్మ మాత్రం పాలు తాగినంకనే వస్తది. గది మారదు."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గట్లంటవేంది పెద్దక్కా, గడప కాడ," అంది.

పెద్దక్క నా వైపు చూసింది. "మేడం పుస్తకంల గట్లనే ఉన్నది గద," అని నవ్వి, నా చెయ్యి ఆసరా తీసుకుని లేచింది.

మర్నాడు పిల్ల ఏడ్చింది. తల్లి అట్టలు తాకించి వెళ్ళింది. పాట దగ్గర ఏడ్చింది, అన్నం దగ్గర కూడా ఏడ్చింది. పాలు నేను పోశాను. తల్లి వచ్చింది. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ పిల్ల గుమ్మంలో కూర్చోలేదు. పెద్దక్క ఏదని ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ చెప్పే వెళ్ళింది కదా.

చలికాలం పోకముందే మంఖాల్ నుంచి కబురొచ్చింది.

తర్వాతి శిక్షణలో పిల్ల పాత్రకి ఎవరూ ముందుకి రాలేదు. ఆవిడ తర్వాత ఆ పాత్ర వేయడానికి అందరికీ సిగ్గు. నేనే నేల మీద కూర్చున్నాను. ఏడుపు నటించడం నాకు చేతకాదు, ఊరికే కూర్చున్నాను. తల్లి పాత్ర వేసిన అమ్మాయి కొత్తది. మొదటిసారి అందరూ అనేదే తనూ అంది. "ఇప్పుడే వస్త" అని చెప్పి బయటికి వెళ్ళింది.

నేను గుమ్మం దగ్గరికి జరిగి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. వెనక చప్పట్లు కొట్టారు. ఒక విమానం వచ్చి వెళ్ళింది. ఎవరో మెల్లగా, "అయిపోయింది మేడం, లెవ్వుండ్రి," అన్నారు.

పాఠం చెప్పాల్సింది నేనే. కాసేపటికి లేచాను.