మా అక్క వేసుకోని సిలువ

మదనపల్లెలో మేం గుడి అని పిలుచుకునే మా చర్చికి మా నాయన సంఘపెద్ద. బైబిలు వాక్యం అప్పజెప్పందే మా ఇంట్లో రాత్రి అన్నం పెట్టేవాళ్ళు కాదు. భక్తి నటించేవాళ్ళను గుర్తుపట్టడం నాకు ఆ వయసులోనే అలవాటైంది. గుడిలో ముందు వరుసలోనే దొరికేవాళ్ళు. వినయం నటించేవాణ్ణి మాత్రం రెండువేల సంవత్సరం తర్వాత, హైదరాబాదు నుంచి ఒక సినిమా డైరెక్టరు వచ్చినప్పుడే చూశాను.

పెద్ద సినిమాలవాళ్ళు చిన్న ఊళ్ళలోని రకరకాల మనుషుల్ని చూపించరనీ, తాను ఉన్నదున్నట్టు చూపిస్తాననీ మా గుడి మెట్ల మీద కూర్చుని చెప్పాడు. నిర్మాత లేడట, స్నేహితులే కెమెరా మోస్తున్నారట. పుంగనూరులో ఒక వీధి కథ. హిందువుల ఇల్లొకటి, ముస్లింల ఇల్లొకటి, మాదొకటి. అట్టపెట్టెలో మిఠాయిలు సర్దినట్టు సర్దుకున్నాడు.

మా అక్కను అతడే ఎంచుకున్నాడు. భర్త పోయిన పక్కింటామె దగ్గర కూర్చుని, నేను ఇక్కడే ఉంటానని చెప్పే పాత్ర. ఒకటే మాట. అక్క కుట్టుమిషను తొక్కుతూ ఆ మాటను రకరకాలుగా అని చూసుకునేది. తెర మీద మాలాంటి ఆడమనిషి కనిపిస్తే క్లబ్బులో డాన్సు చేస్తూనో, తాగుబోతు తండ్రికి కూతురుగానో కనిపించేది. ఒక్కసారైనా మామూలు మనిషిగా కనపడాలని అక్క ఆశ.

షూటింగు జరిగే కుప్పానికి నేనూ వెంట వెళ్ళాను. అక్క ఆకుపచ్చ చీర కట్టుకుని, నల్లపూసలు, గాజులు, జడలో కనకాంబరాలతో, ఆదివారం గుడికి వచ్చినట్టే వచ్చింది. డైరెక్టరు ఆమెను ఎగాదిగా చూసి తెల్లచీర ఒకటి, అరచేతంత సిలువ ఒకటి తెప్పించాడు. మా సంఘంలో ఎవరూ మెడలో సిలువ వేసుకోరు. అది నగ కాదని చిన్నప్పటినుంచి మాకు నేర్పారు.

"చూసేవాళ్ళకు మీరు క్రిస్టియన్ అని తెలియాలి కదమ్మా," అన్నాడు.

"నన్ను సూస్తే తెలీదా?" అంది అక్క.

"పూలు, గాజులు... తెలీదమ్మా."

"మా ఊర్లో అందరికీ తెలుసునే."

"ఊరివాళ్ళ కోసం కాదు కదమ్మా సినిమా."

అక్క ఆ సిలువను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. "అట్లయితే ఈడికి యాల వచ్చినావప్పా?" అని అడిగి, దాన్ని కుర్చీలో పెట్టి బయటికొచ్చేసింది. మదనపల్లె బస్సెక్కేశాం.

ఆ వారమే బెంగళూరు నుంచి ఒక నటి కుప్పంలో రైలు దిగింది. సిలువకు తగిన మెడ దొరికింది.

సినిమా పూర్తయ్యాక కుప్పంలోనే ఒక కళ్యాణమండపంలో తెర కట్టి వేశారు. వద్దన్నా వినకుండా అక్క నాతో వచ్చింది. తెల్లటి ఆ నటి ముఖానికి చామనఛాయ రంగు పూశారు. శవం ముందు ఆమె గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది, అది కేథలిక్కుల పద్ధతి, మేమెప్పుడూ వేసుకోం. అక్క మాట తీసేసి, ప్రభువు నిన్ను ఓదార్చును గాక అనిపించారు. చావింట్లో పక్కింటామెతో ఏ మనిషైనా అట్లా మాట్లాడుతుందా? ఆ తర్వాత ఒకాయన మైకు పట్టుకుని, అన్ని మతాలకూ చోటిచ్చిన సినిమా అని పొగిడాడు. డైరెక్టరు చేతులు కట్టుకుని తల వంచాడు. ఆ వంచడం ఎన్నిసార్లు అద్దం ముందు చేసి చూసుకున్నాడో.

"ఆ యమ్మకు ఎవురూ చెప్పలేదు, పాపం," అంది అక్క నా చెవిలో. నాకు ఆపాటి జాలి కూడా కలగలేదు.

మరుసటి ఆదివారం మా పాస్టరు అయ్యగారు, సినిమా చూడకుండానే, మనవాళ్ళను తెర మీద గౌరవంగా నిలబెట్టినందుకు దేవునికి స్తోత్రాలు చెల్లించారు. అబద్ధాన్ని ఒప్పుకోమని నేను చదివిన ఏ లేఖనమూ చెప్పలేదు. సంఘమంతా ఆమేన్ అంది. మా నాయన గొంతే అందరికన్నా గట్టిగా వినిపించింది. అక్క పెదవి కదపలేదు. నేనూ కదపలేదు.