లేచిందా, సూడండి

ఆమదాలవలస స్టేషన్‌ వెయిటింగ్‌ రూములో ఆ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. ఎదుటి బెంచీ మీద ఒక అమ్మాయి, రెండు చివర్లా చక్రాలుండే కాంపౌండ్‌ విల్లుకు కొత్త రెస్ట్‌ బిగిస్తోంది. విల్లు లాగితే పైకి లేచి బాణాన్ని మోసి, వదలగానే కిందికి వాలి తప్పుకునే చిన్న ముక్క అది. దాని సన్నని తాడును విల్లు కేబుల్‌కు కట్టి నా వైపు తిరిగింది.

"నాను లాగినప్పుడు ఇది పూర్తిగా లేస్తాదో లేదో సూడండి బాబాయ్‌. లాగినోళ్లకి తెలవదు. ఇన్నాళ్లూ మా అక్క సూసీది."

నేను ముందుకు వంగి ఆ ముక్క వైపు చూశాను. ఆమె బాణం పెట్టకుండా మెల్లగా లాగింది.

"కొంచెం తక్కువ లేచిందమ్మా."

ముడి సవరించి మళ్లీ లాగింది. ఈసారి పూర్తిగా లేచిందన్నాను. తల ఊపి, విల్లు సంచిలో పెట్టుకుని రైలెక్కేసింది.

నిన్న గోడకు గడియారం తగిలిస్తూ, వంకరగా ఉందా అని అలవాటుగా అడిగాను. వెనక ఎవరూ లేరు. గడియారాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.