తినలేదు అని నొక్కితే

...ఆ ఫోన్ వచ్చాక ఏమైందో రాయలేక నిన్న అక్కడే ఆపేశాను. బాపట్ల నుంచి బాబాయి చేశాడు. పిన్ని గుండె ఆగిపోయిందన్నాడు. అమ్మ టిఫిన్ ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆదివారం రేపల్లె చర్చిలో పిన్ని జ్ఞాపకార్థం కూడిక. ఇది మీ అందరి ముందు చదవాలని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భయం.

మా పిన్నిది టెస్టింగ్ ఉద్యోగం. షుగరు ఉన్నవాళ్లకు మాత్రల వేళ గుర్తుచేసే యాప్‌ను, జనం చేతికి వెళ్లకముందే పరీక్షించేది. తడి చేత్తో నొక్కేది. కళ్లజోడు తీసేసి నొక్కేది. కావాలని తప్పులు నొక్కేది.

"బాగా నడుస్తుందని చెప్పడానికి నేనెందుకే? ఎక్కడ పడుద్దో చూడ్డానికే నాకు జీతం" అనేది.

ఒక గుడ్ ఫ్రైడే రోజు చర్చి మెట్ల మీద ఆ యాప్ ఉన్న ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టింది. 'తిన్నారా?' అని అడిగింది యాప్.

"ఉపవాసముండి తిన్నానని నొక్కమంటావా, చర్చి ముందర?" అని అమ్మమ్మ కసిరి, 'తినలేదు' నొక్కింది.

'మాత్ర వేసుకోండి' అంది యాప్.

"దొరికిందే!" అని పిన్ని అరిచిన అరుపుకి పాస్టరు అయ్యగారు వెనక్కి తిరిగి చూశారు. ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయి మనిషి సొమ్మసిల్లుతుందట.

మర్నాడు ఫోన్ స్పీకర్‌లో పిన్ని పైఆఫీసరు, "తినకుండా మాత్ర ఎవరేసుకుంటారు మేడమ్? వదిలేయండి, రిలీజ్ ఆగిపోద్ది" అన్నాడు.

"మా అమ్మ వేసుకుంటదండి. నేను పాస్ చెయ్యనండి."

పిన్ని ఫోన్ పెట్టేసింది.

"భయమెయ్యలేదా పిన్నీ?"

"ఎందుకెయ్యదే? భయం పక్కన కూచుంటది, కూచోనీ. మాట్లాడాల్సింది మనం."

రిలీజ్ ఆగింది. ఇప్పుడు 'తినలేదు' అని నొక్కితే 'ముందు ఏదైనా తినండి' అంటుంది. ఆ ఒక్క మాట మా పిన్నిది. ఎక్కడెక్కడి అమ్మమ్మలకో మా పిన్ని అన్నం తినమని చెబుతోంది.

మా అమ్మమ్మే వినడం లేదు. పిన్ని పోయినప్పటి నుంచి కంచం తోసేస్తోంది. ఆ యాప్ ఉన్న తన ఫోన్ ముట్టడం లేదు. షుగరు మాత్ర మాత్రం అలవాటుగా మింగేస్తోంది. నేను చెబితే, "నాకు ఆకలి లేదమ్మా" అంటుంది. తను పడిపోతే ఎలా అని నాకు...

తలుపు కొడుతున్నారు. అమ్మమ్మే.

"ఏమే, పడుకున్నావా? ఫోన్ మోగతా ఉంది. మీ పిన్ని అడుగుతుందే, తిన్నావా అని. లేదని నొక్కా. ముందు తినమంటుంది. కాస్త పెరుగన్నం కలుపుదువు రా."

వస్తున్నా అమ్మమ్మా. ఈ కాగితాలు దిండు కింద పెట్టి